అల్బర్టా మడిలో పందిమాంసం

అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో, మా ముసలివాళ్ళం ఉండే అపార్ట్‌మెంట్ల వెనక అల్బర్టా పింకమ్‌కి మంచమంత మడి ఒకటుంది. పొలం అమ్మేశాక ఆమెకు మిగిలిన నేల అంతే. బడి వంటశాలలో బతుకంతా వండిపెట్టిన మనిషి. బంగాళదుంప తొక్క చెత్తబుట్టలో పడితే ఆమె ప్రాణం ఉసూరుమంటుంది. అందుకే తొక్కలూ, గుడ్డు పెంకులూ, కాఫీ పిప్పీ ఐస్‌క్రీమ్ డబ్బాలో పోగేసి, మడిలో గాడి తవ్వి పూడుస్తుంది. కొన్ని వారాలు ఆగి, ఆ పైనే బఠాణీలు నాటుతుంది. మా అందరి తొక్కలూ ఆమె గుమ్మానికే చేరతాయి. అందులో ఎవరైనా మాంసం ముక్క వేశారో, వాళ్ళ పని అయిపోయినట్టే.

అపార్ట్‌మెంట్ల పెత్తనం మ్యూరియల్‌ది. ఆమెకు పచ్చగడ్డి లాన్ల పిచ్చి. మంచు కరగగానే తేల్చి చెప్పేసింది.

“వాసనొచ్చినా, ఒక్క జంతువొచ్చినా మడి తీసేసి గడ్డి వేయించేస్తా. తర్వాత నన్ననకు.”

“నీ గడ్డి ఎవరు తింటారే? గుర్రాల్ని పెంచుతున్నావా?” అంది అల్బర్టా. నవ్వింది గానీ, ఆ రోజు చీకటి పడేదాకా మడి పక్కనే కూర్చుంది. నాకు మ్యూరియల్ మీద ఒళ్ళు మండింది.

ఏప్రిల్‌లో ఒక శనివారం, చర్చిలో నెలనెలా పెట్టే బీన్సు విందు వచ్చింది. పందిమాంసం ముక్కతో, బెల్లం పాకంలో రాత్రంతా ఉడికిన బీన్సు గింజల కుండలు ఎవరివి వాళ్ళు పట్టుకొస్తారు. ఎవరి కుండ ఖాళీ అయిందో, ఎవరిది మిగిలిందో ఓరకంట చూసుకోవడమే అసలు విందు. కూరగాయల తొక్కల కోసం అల్బర్టా చర్చి వంటగదిలో తన డబ్బా పెట్టింది. ఇంటికొచ్చి, లోపల ఏముందో చూడకుండానే గాడిలో బోర్లించి మట్టి కప్పేసింది.

తెల్లారేసరికి రకూన్లు, రాత్రిపూట చెత్త కెలికే ఆ పిల్లంత జంతువులు, మడి అంతా తవ్విపోశాయి. నేను బయటికొచ్చేసరికి అల్బర్టా పార పట్టుకుని నిలబడి ఉంది. ఎదురుగా మ్యూరియల్.

“ఏం చెప్పానే నీకు? మాంసం పాతిపెట్టావా?”

అల్బర్టా వంగి చూసింది. మట్టిలో బీన్సు గింజలు, పంది ముక్క, పక్కనే లవంగాలు గుచ్చిన ఉల్లిపాయ. ఊరు మొత్తంలో బీన్సులో లవంగాల ఉల్లిపాయ వేసేది మ్యూరియల్ ఒక్కతే, ఎవరూ తిననిదీ ఆ ఒక్క కుండే. మిగిలింది ఇంటికి మోసుకెళ్ళడం నామోషీ అనిపించి అల్బర్టా డబ్బాలో ఒంపేసిందన్నమాట. నేను నోరు తెరిచాను. అల్బర్టా నా కాలు తొక్కింది.

“పొరపాటు నాదే మ్యూరియల్. చూసుకుని వేయాల్సింది,” అంటూ అవన్నీ పారతో ఎత్తి డబ్బాలో వేసి మూత పెట్టేసింది.

మ్యూరియల్ మెడ దాకా ఎర్రబడింది.

“పార ఇలా ఇయ్యి,” అంది. తనే గుంతలు పూడ్చింది. “బఠాణీలు ఎప్పుడు వేస్తావ్?” అని తలెత్తకుండా అడిగింది.

“వచ్చే నెల్లో. నీకూ ఒక వరస వేస్తాలే.”

మే నెల విందులో అల్బర్టా అందరికంటే ముందు మ్యూరియల్ కుండ దగ్గరికి వెళ్ళింది. తన పళ్ళెం నింపుకుని, నా పళ్ళెం కూడా లాక్కుని నింపింది.

“నాకెందుకే ఇవి? లవంగాల కంపు!” అన్నాను మెల్లగా.

“మడి దక్కింది కదా,” అంది. “నోర్మూసుకుని తిను.”