మామ కడిగించిన రాయి

ఆదివారం. ఇడ్లీకి మినపప్పు నానబోశాను. దుప్పట్లు ఉతికి ఆరేశాను. పెరట్లో రాళ్ల డబ్బాలో నీళ్లు పోసి, కిందికి దిగిన నీళ్లలో నీలం కాగితం ముంచాను. ఎర్రబడింది. ఇన్ని నెలల్లో అది రంగు మారడం ఇదే మొదలు. మామకు చెబుదామని ఫోను తీసేలోగా ప్రొద్దుటూరు నుంచి అత్తే చేసింది. మామ స్నానానికి పోతూ గడపలో కూలబడ్డాడట. ఆస్పత్రికి చేరేలోగానే పోయాడట.

ఆయన మా అమ్మకు తమ్ముడు. ఉద్యోగమంతా రాళ్లూ నీళ్లూ పరీక్షించే ల్యాబులోనే చేశాడు. ఎవరింటికి పోయినా ముందు నీళ్లడిగి, గుటక వేసే ముందు నాలుక మీద కాసేపు ఉంచుకునేవాడు. నా వంటను ఏనాడూ మెచ్చుకోలేదు గానీ, మా బోరు నీళ్లను ఒకసారి మెచ్చుకున్నాడు.

మాది పులివెందుల దగ్గర పల్లె. చీనీ తోట, అంటే బత్తాయి తోట, ఉంది. బోరు నీళ్లు నిలవ చేసుకోవడానికి తోటలో కుంట తవ్వించాము. గట్టు జారకుండా లోపల రాయి పేర్చాలి. మా ఊరికి దగ్గర్లోని గని బయట గుట్టలుగా పోసిన పనికిరాని రాయిని మా ఆయన ట్రాక్టరుతో తోలించాడు. ఉత్తపుణ్యానికి దొరుకుతుంది కాబట్టి మా వైపు పునాదులకు కూడా అదే వేస్తారు.

మామ కుంట చూశాడు. ఒక రాయి పగలగొట్టి, లోపల మెరుస్తున్న చుక్కలు నాకు చూపించాడు. "దీంట్లో గంధకం ఉండాది పాపా. గాలీ తడీ తగిలితే పులుస్తాది. ఆ పులుపు రాయిలోని విషాలను నీళ్లలోకి దించుతాది."

ఆ రాతిపొడిని నీళ్లలో కలిపి, సీసాను బాగా కుదిపి, మర్నాడు ఆ నీళ్లు ల్యాబుకు పంపించాడు. చెడు ఏమీ తేలలేదు. అంతే, "మా మామ చెప్పినాడు, రాయి మంచిదంట" అని మా ఆయన టీ బంకు దగ్గర చెప్పేశాడు. కుంటలున్న వాళ్లంతా ట్రాక్టర్లు కట్టారు.

సంగతి తెలిసి మామ బస్సెక్కి వచ్చాడు.

"మంచిదని యాడ చెప్పినా అబ్బీ? ఈ పొద్దుకు ఏం లేదన్నా, అంతే. రాయిలో సున్నం కూడా ఉండాది. అది ఉన్నన్ని దినాలు పులుపును మింగేస్తాది. సున్నం అయిపోయినాక కదా తెలిసేది!"

"ఎన్ని దినాలు పడతాది మామా?" అని అడిగాను.

"నెలలు పడతాది."

"అందాకా చెట్లకు నీ మాటలు పోయల్నా?" మా ఆయన నవ్వాడు.

మామ నవ్వలేదు. "చెట్ల సంగతి కాదప్పా. ఎద్దులు తాగుతాండాయి. కాయ కోసే కూలోళ్లు ముంచుకొని తాగుతాండారు."

ఆ రోజే పాత ప్లాస్టిక్ డబ్బాకు అడుగున బెజ్జం పెట్టి, నలగ్గొట్టిన రాయి నింపి నాకు అప్పగించాడు. వారమంతా గాలికి వదిలేసి, ఆదివారం బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ నీళ్లతో కడిగి, దిగిన నీళ్లలో నీలం కాగితం ముంచాలి; ఎర్రబడితే పులుపు పుట్టినట్టు. "పెరుగు తోడేసినట్టే. తొందరపడకూడదు, మరిచిపోకూడదు" అన్నాడు. ఆదివారం సాయంత్రం ఫోను చేసేవాడు. "ఏం రంగు?" "నీలమే మామా." ఊ అని పెట్టేసేవాడు.

"ఏం వదినా, రాళ్లకు తలంటు పోస్తాండావంట, సాంబ్రాణి కూడా పడతావా?" అని పక్కింటామె ఎకసెక్కాలాడేది. మామ మాత్రం కుంట ఉన్న ప్రతి ఇంటికీ పోయి, ఫలితం తేలేదాకా ఆగమని చెప్పి వచ్చాడు. "ఒకసారి మంచిదంటావు, ఒకసారి కాదంటావు, నీకే తెలీదు పో" అన్నారట. ఆ పూట మా ఇంట్లో ఆయన అన్నం ముట్టలేదు.

మామ పెద్ద దినం నాడు కర్మ భోజనాలకు మా పల్లె వాళ్లు కూడా ప్రొద్దుటూరు వచ్చారు. మా పక్క తోట పెద్దాయన విస్తరి ముందు కూర్చుని కళ్లు తుడుచుకున్నాడు. "పుణ్యాత్ముడు. ఆయన మాట మీదనే మేమంతా ఆ రాయి తోలుకున్న్యాం. మా పిల్లోళ్లు ఆ కుంటలోనే ఈదుతాండారు."

మా ఆయన తల వంచుకున్నాడు. నేను చారు గిన్నె కింద పెట్టాను.

"ఆయన ఆ మాట అనలేదు పెదనాయనా. అన్నది ఈయన. మామ పోయిన పొద్దున కాగితం ఎర్రబడింది. మళ్లీ వారం కూడా ఎర్రబడింది. ఆ నీళ్లు ల్యాబుకు పంపినా. అది తేలేదాకా కుంట నీళ్లు ఎవురూ తాగద్దండి."

"చావింట్లో ఈ మాటలేంది?" అన్నారెవరో.

లోపలి నుంచి అత్త గొంతు వినబడింది. "చెప్పనీండప్పా. తాను అనని మాటకే ఆ మనిషి కుమిలిపోయినాడు."

మర్నాడు మా ఆయన బోరు ఆపి, గడ్డపార తీసుకుని కుంటలోకి దిగాడు. తీసిన రాయి ఎక్కడ వేయాలో మాకు తెలియదు. దిగువన వేస్తే వానకు దాని పులుపు దిగి వంక నీళ్లలో కలుస్తుంది. అడుగుదామంటే మామ లేడు. ప్రస్తుతానికి మెరకన పట్ట పరిచి, రాయి కుప్ప వేసి, పైన ఇంకో పట్ట కప్పుతున్నాము.

పక్క తోట పెద్దాయన వచ్చి చాలాసేపు కుప్ప దగ్గర నిలబడ్డాడు. కొండ వైపు మబ్బు కడుతోంది. గాలికి పట్ట అంచు లేచి కొట్టుకుంటుంటే, బరువు పెడదామని వంగి ఆ కుప్పలోని ఒక రాయి అందుకోబోయాడు. చెయ్యి వెనక్కి తీసుకుని, ఆ అంచును కాలితో తొక్కిపట్టి అలాగే నిలబడ్డాడు.