సీలింగ్‌కి అంటిన తల జిడ్డు

నేను దయ్యాల్ని నమ్మే మనిషిని కాను. పద్నాలుగేళ్ళుగా ఒక ప్రైవేటు ఆసుపత్రిలో హౌస్‌కీపింగ్ సూపర్‌వైజర్‌గా చేస్తున్నాను. మార్చురీ పక్క గదిలో క్యారేజీ విప్పుకుని తిన్న రోజులున్నాయి. నాకు తెలిసిందల్లా మరకలు. రక్తం, మందు, వాంతి, పాన్ ఉమ్మి, ఏదైనా సరే, చూడగానే ఏమిటో చెప్పేస్తాను. కాస్త ఆరా తీస్తే ఎవరిదో కూడా చెప్పేస్తాను. అందుకే ఈ సంగతి తలుచుకుంటే నాకు భయం కన్నా రోత ఎక్కువ.

పటమటలో మేము అద్దెకుండేది మేడ మీద వాటా. ఒక హాలు, రెండు గదులు. రెండో గది తర్వాతెప్పుడో కలిపి కట్టింది, సీలింగ్ మరీ కిందికి ఉంటుంది. నేల నుంచి ఏడడుగుల తొమ్మిది అంగుళాలు. చేయి తగులుతుందని పైన ఫ్యాను కూడా పెట్టలేదు, గోడ ఫ్యానే. ఆ గది మా పాప షారోన్‌కి ఇద్దామనుకున్నాం. దానికి తొమ్మిదేళ్ళు, అప్పటిదాకా మా ఇద్దరి మధ్యే పడుకునేది. నిచ్చెన ఎక్కి పడుకునే మంచం, దాని కింద చదువుకునే చోటు, ఇవి కావాలని ఏడాది పాటు నా ప్రాణం తీసింది. పరీక్షలయ్యాక తప్పకుండా అని మాటిచ్చాను.

షాపులన్నీ తిరిగాం. అన్నీ మరీ ఎత్తు మంచాలే. మా గదిలో వేస్తే పిల్ల పైన లేచి కూర్చోవడానికి లేదు. చివరికి మా ఆయన ప్రభాకర్ కొండపల్లి నుంచి సుబ్బారావుగారనే వడ్రంగిని తీసుకొచ్చారు. ఆయన ముందు గది కొలవలేదు, పిల్లని కొలిచారు. దాన్ని నేల మీద బాసింపట్టు వేయించి, గోడకి ఆనించి, తల మీద అట్టముక్క పెట్టి పెన్సిల్‌తో గీత గీశారు. ఇరవై ఏడు అంగుళాలు.

"దీని మీద ఇంకో ఎనిమిది అంగుళాలు వదులుతానమ్మా. నాలుగేళ్ళు పెరిగినా తల తగలదు" అన్నారు.

అన్నట్టే పరుపు పైనుంచి సీలింగ్‌కి సరిగ్గా ముప్పై ఐదు అంగుళాలు వచ్చేలా చేశారు. ఈ కొలత కాస్త గుర్తుంచుకోండి.

మంచం బిగించిన రోజు మా అత్తగారు రూతమ్మగారు కంకిపాడు నుంచి వచ్చారు. మా ఇళ్ళల్లో కొత్త వస్తువు వస్తే చిన్న ప్రార్థన చేసి, ప్రార్థన నూనె వేలితో అద్ది సిలువ గుర్తు పెడతారు. ఆవిడ గది గుమ్మానికీ, మంచం కోడుకీ పెట్టారు. నాకు నూనె అంటేనే ఒళ్ళు మంట. ఆవిడేమో రోజూ తలకి దట్టంగా నూనె పట్టించి హాల్లో గోడకి ఆనుకుని కింద కూర్చుంటారు. ఎప్పుడొచ్చినా అదే చోటు. గోడకి గుండ్రంగా జిడ్డు పట్టింది. నేను అక్కడ మేకు కొట్టి ఒక తువ్వాలు వేలాడదీశాను. ఆవిడ ఆ తువ్వాలుకే ఆనుకునేవారు.

రెండు వారాలు గడిచాయి, అత్తగారు ఇంకా మా దగ్గరే ఉన్నారు. ఒక ఆదివారం ఆరాధన నుంచి వచ్చి పాప దుప్పటి మార్చడానికి నిచ్చెన ఎక్కాను. సీలింగ్ మీద, సరిగ్గా దిండుకి పైన, అరచేయంత మరక. మధ్యలో గోధుమ రంగు, అంచులకి పసుపు. మొహం దగ్గరగా పెట్టి వాసన చూశాను. చూడకుండా ఉండాల్సింది. నెలల తరబడి ఉతకని దిండు గలేబు వాసన, మురిగిన తలనూనె వాసన. నా పిల్ల దీని కింద నోరు తెరుచుకుని నిద్రపోతోందా అనుకున్నాను.

అది పాప తల జిడ్డు కాదు. దానికి పేలు పట్టాయని వేసవిలోనే మగపిల్లాడిలా కత్తిరించాను, నూనె చుక్క పెట్టను. పైగా కూర్చుంటే దాని తలకీ సీలింగ్‌కీ మధ్య నా చేయి పడుతుంది.

నాకు వెంటనే తట్టింది ప్రార్థన నూనె. భోజనాల దగ్గర అత్తగారిని అడిగేశాను.

"మీ జిడ్డు గోడకి చాల్లేదా అత్తయ్యా, సీలింగ్‌కి కూడా పూయాలా?"

ఆవిడ ముద్ద కంచంలో వదిలేశారు. "నేనా? ఆ నిచ్చెన ఎక్కా? నా మోకాళ్ళ సంగతి నీకు తెలీదా అమ్మాయ్?"

తెలుసు. రెండు మెట్లెక్కితే ఆగిపోయే మనిషి. అయినా నేను తగ్గలేదు. ఆవిడ చేయి కడుక్కుని సంచి సర్దుకున్నారు. మా ఆయన బస్సెక్కించి వచ్చి, నాతో రెండు రోజులు మాట్లాడలేదు.

మరకని సబ్బునీళ్ళతో కడిగాను, ఆసుపత్రిలో వాడే ద్రావణంతో తుడిచాను, ఆరాక ప్రైమరు కొట్టించి రంగు వేయించాను. తొమ్మిదో రోజుకి మళ్ళీ అక్కడే వచ్చింది. అత్తగారు అప్పటికి కంకిపాడులో ఉన్నారు.

పైనుంచి ఏదో కారుతోందనుకుని డాబా ఎక్కి చూశాను. ఎండిపోయి ఉంది. ఓనరుగారిని అడిగితే, ఆ గదిలో ముందంతా పాత సామానే పెట్టామనీ, మనుషులెవరూ పడుకోలేదనీ చెప్పారు. అప్పుడు నా పద్ధతిలో నేను చేశాను. తెల్ల డ్రాయింగ్ కాగితం ఆ చోట నాలుగు వైపులా టేపుతో అంటించి, పాపను మా గదిలో పడుకోబెట్టి, ఆ గదికి తాళం వేసి తాళంచెవి నా హ్యాండ్‌బ్యాగులో వేసుకున్నాను.

నాలుగో రోజు మధ్యాహ్నం తీశాను. కాగితం మధ్యలో నూనె ఇంకి ఉంది. గదివైపు మాత్రమే. శ్లాబుకి ఆనిన వైపు పొడిగా, తెల్లగా ఉంది. జిడ్డులో ఒక వెంట్రుక అతుక్కుని ఉంది. జానెడు పొడవు, గోరింటాకు పెట్టినట్టు ఎర్రగా. మా ఇంట్లో ఎవరికీ అలాంటి జుట్టు లేదు. గ్లవ్స్ ఉన్న వేలితో తాకితే ఆ చోటు వెచ్చగా తగిలింది. మనిషి లేచి వెళ్ళాక దిండు ఉంటుందే, అలా. ఛీ! నిచ్చెన ఎలా దిగానో తెలీదు, బాత్‌రూంలోకి పరిగెత్తి తిన్నదంతా కక్కుకున్నాను. ఆ వేలు ఎన్నిసార్లు కడిగానో లెక్కలేదు.

మా ఆయన వాదించలేదు. సుబ్బారావుగారిని పిలిపించి మంచం కోళ్ళు ఒకటిన్నర అడుగు కోయించారు. అది ఇక ఎత్తు మంచమే కాదు, కింద బల్ల వేసుకుని చదువుకోవడానికి లేదు. పాప ఏడ్చింది. కిందున్న చోటు బొమ్మరిల్లు చేసుకోమని సముదాయించాను. సీలింగ్‌కి మళ్ళీ రంగు వేయించాం. పది రోజులు చూశాం, మచ్చ లేదు. పాప తన గదికి వెళ్ళింది. నాకు ప్రాణం లేచొచ్చింది.

ఆ తర్వాత శనివారం పగలు మంచం కింద దాని బొమ్మలు సర్దుతూ తలెత్తాను. చెక్క అడుగున అదే మరక. అంతే సైజు, అదే వాసన.

టేపు తెచ్చి కొలిచాను. నేల నుంచి చెక్క అడుగు దాకా ముప్పై ఐదు అంగుళాలు. మా ఆయన కాకతాళీయం అన్నారు, కానీ మొహంలో నెత్తురు లేదు. ముప్పై ఐదు అంగుళాలంటే బాసింపట్టు వేసుకుని నిటారుగా కూర్చున్న పెద్ద మనిషి తల. మొదట నా పిల్ల పక్కన కూర్చుంది. ఇప్పుడు పిల్ల కింద కూర్చుంది.

ఆ పూటే మంచం విప్పేశాం. చెక్కలు ఇంకొకరికి ఇవ్వడానికి నాకు మనసొప్పలేదు, డాబా మీద ఎండకీ వానకీ పడేశాం. పాప మళ్ళీ మా మధ్యకి వచ్చింది. ఆ గదిలో మళ్ళీ ఏ మరకా రాలేదు. తల ఆనడానికి ఏమీ లేకనో ఏమో.

తర్వాతి ఆదివారం ఒక్కదాన్నే కంకిపాడు వెళ్ళాను. అత్తగారు మామూలుగానే రమ్మన్నారు, టీ పెట్టడానికి లోపలికి వెళ్ళారు. ఆవిడ రోజూ కూర్చునే చోట గోడకి జిడ్డు మరక ఉంది. మంచం కొలిచిన టేపు ఇంకా నా బ్యాగులోనే ఉంది. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది కానీ, తీసి కొలిచాను. ఇరవై తొమ్మిది. వయసుకి వంగిపోయిన మనిషి, అంతకు మించి అందదు.

తల తిప్పితే ఆవిడ టీ గ్లాసుతో గుమ్మంలో నిలబడి ఉన్నారు. ఆవిడకి కోపం రాలేదు, అదే నాకు ఎక్కువ గుచ్చుకుంది.

"నాది కాదని నేను చెబితే చాల్లేదు, నువ్వు కొలుచుకోవాల్సొచ్చిందా అమ్మాయ్?"

నేను ఏడ్చాను. క్షమించమని అడిగాను. నా మీద నాకే అసహ్యం వేసింది. ఆ మరక మీద వేసిన దానికన్నా ఎక్కువే.

ఆ సీలింగ్‌కి తల ఆనించింది ఎవరో నాకు ఈ రోజుకీ తెలీదు. తెలిసిన పద్ధతులన్నీ వాడాను, జవాబు దొరకలేదు. ఆ నెలలోనే అత్తగారిని మా ఇంటికి తీసుకొచ్చాను, ఇప్పుడు మాతోనే ఉంటున్నారు. హాల్లో తువ్వాలు తీసేశాను. గోడకి ఆవిడ తల జిడ్డు మళ్ళీ పట్టింది. దాన్ని నేను తుడవను. అది ఎవరిదో నాకు తెలుసు.