మార్కెట్ వెనక సందులో నా కుట్టుమిషను

మొన్న పెద్దపల్లిలో ఆడవాళ్లకు సొంత వ్యాపారం మీద శిక్షణ ఇస్తూ, ఏళ్ల తరబడి కుట్టుపని చేస్తున్న మనిషినని నన్నూ పిలిచారు. అసలు మనిషి వ్యాపారం ఎందుకు మొదలుపెడతాడని అక్కడి మేడమ్ అడిగితే, లాభం కోసమని కొందరు, పిల్లల చదువుల కోసమని కొందరు చెప్పారు. నా వంతు వచ్చేసరికి నేనూ బతుకుతెరువు కోసమనే చెప్పాను గాని, తిరుగుబస్సులో గోదావరిఖని చేరేదాకా అదే ఆలోచన.

మా ఆయన బొగ్గుబాయిలో పనిచేసేవారు. పెళ్లయిన కొన్నేళ్లకే జ్వరం ముదిరి పోయారు. పిల్లలు లేరు. క్వార్టరు ఖాళీ చేసే రోజున కమాన్‌పూర్ నుంచి తమ్ముడు వచ్చి, సామాను సర్దుతూ, "ఒక్కదానివి ఈడ ఎట్లుంటవక్కా? ఇంటికి నడువు" అన్నాడు. వాడిది ప్రేమే. కానీ ఆ ఇంట్లో ఒక మూల ఒదిగి బతకడం తలుచుకుంటే నాకు గుబులు పుట్టింది. మార్కెట్ వెనక సందులో గది అద్దెకు తీసుకుని, నాన్న ఇచ్చిన కుట్టుమిషను గుమ్మం దగ్గర వేసుకున్నాను. బతుకుతెరువు కోసమని అందరికీ చెప్పాను గాని, పొద్దున లేస్తే నా తలుపు తట్టే మనిషి ఒకరుండాలని లోపల ఆశ.

పక్కనే మలయాళీ అన్న చాయ్ హోటల్. బాయిలో కొలువు దొరుకుతుందని అంత దూరం నుంచి వచ్చి, దొరకక, ఉత్తచేతులతో ఊరికి వెళ్లడానికి మొహం చెల్లక స్టవ్వు వెలిగించానని వచ్చీరాని తెలుగులో చెప్పేవాడు. ఎదురుగా మార్వాడీ వదిన వాళ్ల బట్టల దుకాణం. ఒకరి కింద జీతానికి ఉండటం వాళ్ల మామగారికి నామోషీ అట. చిన్నదైనా దుకాణం తమదై ఉండాలట.

నా దగ్గరికి చిరుగులు కుట్టించుకోవడానికి వచ్చేవారు తప్ప, పెళ్లి జాకెట్లు ఎవరూ తెచ్చేవారు కాదు. భర్త పోయినదాని చేతి కుట్టు పెళ్లికూతురికి అచ్చిరాదని చాటుగా అనుకునేవారు. ఇక తమ్ముడికి కబురు పెట్టడమే మేలనుకుంటున్న రోజుల్లో, మార్వాడీ వదిన కూతురి పెళ్లిగుడ్డలన్నీ తెచ్చి నా ముందు పోసింది. నలుగురూ ఏమంటారోనని నేను గొణిగితే, సందులోని ఆడవాళ్లందరికీ వినబడేలా, "అననియ్యి! నా బిడ్డ పెండ్లి, నా ఇష్టం. నువ్వు జల్ది కొలతలు తీసుకో" అంది. నేను టేపు అందుకున్నాను.

ఆ పిల్ల పెళ్లి బాగా జరిగి, కాపురం చల్లగా సాగడం చూశాక కాలనీ ఆడవాళ్లు ఒక్కొక్కరే రావడం మొదలుపెట్టారు. భర్తలు షిఫ్టుకు వెళ్లగానే వచ్చి, జాకెట్టు చేతికిచ్చినా లేచేవారు కాదు. అత్తల సంగతులు, పిల్లల దగ్గులు, వండిన కూరలు, మధ్యలో మలయాళీ అన్న చాయ్. కూర్చోవడానికి చోటు చాలక గుమ్మంలో కూడా మనుషులే.

అన్న ముసలితనంలో వాళ్ల ఊరికి వెళ్లిపోయాడు. వదిన కాలం చేసింది. నాకు పని మాత్రం తగ్గలేదు; గుడ్డలు ఎవరితోనో పంపి, కొలతలు ఫోనులో పెడుతున్నారు. నిన్న సాయంత్రం ఒకమ్మాయి స్వయంగా వస్తే సంబరంగా కుర్చీ జరిపి కూర్చోమన్నాను. "మళ్లొస్త ఆంటీ, బండి స్టార్టులనే ఉంది" అంటూ వెళ్లిపోయింది. ఆమె తప్పేమీ లేదు, ఎవరి పరుగులు వాళ్లవి. మనుషుల కోసం తెరిచిన తలుపులోంచి ఇప్పుడు పని ఒక్కటే వస్తోంది. అయినా ఆ కుర్చీని లోపల పెట్టడానికి చేతులు రాక, దీపాలు పెట్టేదాకా గుమ్మం పక్కనే ఉంచాను.