రద్దు చేయాల్సిన కార్డు

ఆగస్టు పన్నెండు, మంగళవారం. ఈ రోజు మొదటి ఆశ్చర్యం, మా కాలేజీ కంప్యూటర్ ల్యాబ్‌కి తాళం. తొమ్మిది కాకముందే బార్లా తెరిచి ఉండే తలుపు అది. అటెండరక్క మెట్ల మీద కూర్చుని ఉంది.

"సార్ పోయిండు బిడ్డా. తెల్లారంగ గుండె ఆగిందట. దవాఖాన దాకా గూడ పోలే."



మా ల్యాబ్ సార్ ఇబ్రహీంపట్నంలో ఎంతమందికి కంప్యూటర్ నేర్పారో నాకు తెలియదు. నాకు మాత్రం మాటలు నేర్పారు. రెండు నెలలుగా సారూ నేనూ కలిసి ల్యాబ్‌లో కార్డు లాగిన్ పెడుతున్నాం. కార్డు పెట్టి పిన్ కొడితే, ఈ మనిషి ఎవరని కంప్యూటర్ నెట్‌వర్క్‌లో సర్వర్‌ని అడుగుతుంది. సర్వర్ ఒప్పుకుంటేనే తెరుచుకుంటుంది. వాడే పద్ధతి కాగితం మీద నేను గొప్పగా "ధ్రువీకరణ" అని రాశాను.

"గా మాట మన అటెండరక్కకు సమజైతదా? గుర్తుపట్టుడు అని రాయి" అన్నారు సార్. కొట్టేసి రాశాను. ఆ రోజు నుంచి ప్రతి మాటనూ అలాగే అడుగుతున్నాను.

ఒకసారి పొద్దంతా ఒక్క కంప్యూటర్ నా కార్డుని ఒప్పుకోలేదు. మూడుసార్లు కార్డు మళ్ళీ చేశాను. సార్ టీ తాగుతూ వచ్చి తెర మూలన టైము చూశారు. "నీ మన్నెగూడ బస్సు లెక్క పది నిమిషాలు ఎనుకున్నది. సర్వర్ టైముతోని కలవకుంటే అది నమ్ముతదా? మనిషిని అనుమానించే ముందు గడియారం చూడాలె పిల్లా."

పిన్ కొట్టేటప్పుడు ఎడమ చెయ్యి అడ్డం పెట్టేవారు. "తల అటు తిప్పు. నువ్వు మంచిదానివే, అయినా తిప్పు."

మధ్యాహ్నం బడంగ్‌పేట్‌లో సార్ వాళ్ళింటికి వెళ్ళాం. సార్ భార్య ల్యాబ్ తాళంచెవులు, ఆయన కార్డు నా చేతిలో పెట్టారు. "గివి మీయే గద బిడ్డా. రాత్రి గూడ రేపటి పరీక్షల ఫికరే."

రేపు పదింటికి ల్యాబ్ పరీక్షలు. అందరూ కార్డులతోనే లోపలికి రావాలి. మేం సరిచూడాల్సినవాటి కాగితంలో ఆఖరి గడి ఒక్కటే ఖాళీ: రద్దయిన కార్డుని ఆపుతోందా? "రావలసినోడు వచ్చిండు, మంచిదే. రావద్దన్నోణ్ణి ఆపిందా? గా సంగతి జూడకుంటే తాళమే కాదు" అనేవారు. శనివారం నవ్వుతూ, "ఆఖరికి నా కార్డే రద్దు జేద్దాం తియ్" అన్నారు.

ఆ కార్డుతో అన్ని కంప్యూటర్లూ తెరుచుకుంటాయి. దాన్ని ఉంచకూడదు. కానీ దాని పిన్ నాకు తెలియదు. తప్పు పిన్ కొడితే రద్దు కాకపోయినా ఆపుతుంది, ఆ గడి నిండదు. సాయంత్రం నుంచి అదే ఆలోచన. కూర్చోలేను, చదవలేను. హెచ్‌ఓడీ మేడమ్‌ని ఫోన్‌లో అడిగితే, "నీకెట్ల సరైతే గట్ల జెయ్" అన్నారు.

రేపు ఎనిమిదింటికి ల్యాబ్ తెరవాలి. ముందు గడియారం చూడాలి. రద్దు జాబితాలో ఆయన కార్డు ఎక్కించి, దాని కింద నాది ఎక్కించాలి. నాదైతే పిన్ తెలుసు. ఎడమ చెయ్యి అడ్డం పెట్టి నా పిన్ కొట్టాలి. రానివ్వకపోతే గడిలో టిక్కు పెట్టాలి.

పదిలోపు నాకు కొత్త కార్డు చేసుకోవాలి.