మూడో ఫ్లాపీ మీది బొట్టు

పోయిన మంగళవారం పొద్దున్నే బావ ఫోన్ చేశాడు. "మీ అక్క పోయింది. నిద్రల్నే పానం పోయింది," అన్నాడు. నాకు ఏడుపు కన్నా ముందు కోపం వచ్చింది. సిద్దిపేటలో ఆమెతో పోట్లాడి గెలిచినవాళ్ళు లేరు. అలాంటి మనిషి ఎవరినీ తిట్టకుండా, ఒక్క మాటైనా అనకుండా ఎట్లా వెళ్ళిపోతుంది?

ఆమె నా తోడబుట్టిన అక్క కాదు. తొంభైల చివర్లో మా ఊళ్ళో పత్తి రైతుల సంఘం ఒకటి ఉండేది. దాని ఆఫీసులో కంప్యూటర్లన్నీ ఆమె చేతికింద ఉండేవి, ఆపరేటరుగా నేనూ ఆమె చేతికిందే. వయసులో పెద్దవాడైన సంఘం అధ్యక్షుడు కూడా ఆమెను అక్కా అనే పిలిచేవాడు. భయం అలా పిలిపిస్తుంది మరి.

ఆమెకు కోపం ముక్కు మీదే ఉండేది. సర్వర్ గదిలోకి నీళ్ళ గ్లాసు తెచ్చాడని అటెండరు మీదికి ఆ గ్లాసే విసిరింది. ఆయన నుదురు చిట్లితే తనే పసుపు అద్ది, టీ తాగించి, మళ్ళీ తిట్టింది. ప్రోగ్రాం మూయకుండా స్విచ్ ఆపేసినందుకు నా చేతి మీద స్కేలు విరిగింది. "దెబ్బ వడితె యాదికుంటది పిల్లా," అనేది. నిజమే, ఇప్పటికీ నేను ఏ కంప్యూటరూ అట్లా ఆపలేదు.

ఆఫీసు పని చెప్పాలి. రైతు పేరు రాయించుకుంటే సర్వరు వరుస చీటీ ఇచ్చేది. ఆ వరుసలోనే పత్తి తూకం వేయాలి. కంప్యూటరు రాకముందు ఎవరి బండి ముందు, ఎవరిది వెనక అనేది దలారులు తేల్చేవాళ్ళు. అది వచ్చాక వాళ్ళ పెత్తనం పోవాలి కదా, పోలేదు. చీటీ ఇంగ్లీషులో వచ్చేది. దలారి మనుషులు గేటు దగ్గర నిలబడి అందరి చీటీలూ చదివి పెట్టేవాళ్ళు. ఇవాళ వంతు వచ్చిన రైతుతో వచ్చే వారం అని చెప్పేవాళ్ళు. ఎడ్లకు మేత లేక, మబ్బు చూసి భయపడి, ఆయన పత్తిని దలారికే అప్పజెప్పి పోయేవాడు.

ఒకరోజు చంద్లాపూర్ నుంచి వచ్చిన ఒక అవ్వ ఆ చీటీ పట్టుకుని మా మెట్ల మీద కూలబడింది. ముందటేడు ఆమె పెనిమిటి పత్తికి కొట్టే మందు తాగి చచ్చిపోయాడు. ఈసారి చేను ఆమే చేసింది. ఆమె వంతు నిన్ననే దాటిపోయింది, గేటు దగ్గర రేపని చెప్పారు. అక్క చీటీ చూసింది. గేటు దాకా నడిచి, చెప్పు తీసి, చదివి పెట్టినవాణ్ణి మొహం మీద కొట్టింది. వాడి ముక్కు నుంచి నెత్తురు కారి చొక్కా తడిసింది. వాడు తిరిగి ఆమె జుట్టు పట్టుకుంటే అటెండరూ నేనూ ఊడబీకాం.

"చీటీ తెలుగుల రావాలె. ఆమె పేరు ఆమెనే సదువుకోవాలె," అంది లోపలికొచ్చి, జుట్టు ముడేసుకుంటూ. అవ్వ వయోజన విద్యలో అక్షరాలు నేర్చుకుందట.

ఉన్న ప్రోగ్రాంకు తెలుగు అక్షరాలు తగిలించే ప్లగిన్ ఒకటి హైదరాబాదులో దొరికింది. కొన్ని ఫ్లాపీల కట్ట అది. కట్ట వచ్చేసరికి దసరా. ఆఫీసులో ఆయుధపూజ అక్కే చేసింది. మానిటర్లకు, సర్వరుకు, ప్రింటరుకు పసుపు రాసి బొట్లు పెట్టింది. ఫ్లాపీలనూ వదల్లేదు. "ఇవి గూడ పనిముట్లే గదా," అని ఒక్కోదానికీ తడి కుంకుమ పెట్టింది.

పండుగ పోయాక ఎక్కించడం మొదలుపెట్టాం. అది ఊరికే ఎక్కే రకం కాదు. ప్లగిన్‌కు కొత్త ప్రింటింగ్ ప్రోగ్రాం కావాలి, దానికి ఇంకో ఫైలు కావాలి, ఆ ఫైలుకు మరొకటి. ఏ ఒక్కటి లేకపోయినా తెర మీద ఎర్రర్ పడి అంతా ఆగిపోతుంది. అక్క దీనికి పెళ్ళి లెక్క చెప్పేది. "పిల్ల, పిలగాడు ఒప్పుకుంటె పెండ్లి అయితదా? యాడనో ఒక మేనమామ అలిగి కూసుంటడు. పందిరి గుంజకు తల కొట్టుకుంటె ఏమొస్తది? ఎవలు అలిగిన్రో సూడు. పొయ్యి ఆయన్ను తోల్కరా." ఒక్కొక్క మేనమామనూ బతిమాలి తెచ్చాం. చివరికి ఒక్క ఫైలు మిగిలింది. అది మూడో ఫ్లాపీలో ఉంది. పెట్టగానే కర్రుకర్రుమని అరిచేది, చదవనిచ్చేది కాదు.

ఈలోగా చీటీలు ఆగిపోయాయి. పాత ప్రోగ్రాం నకలు ఉంది. "మళ్ళ ఇంగ్లీషుదే ఎక్కిద్దాం అక్కా," అన్నాను.

"ఎక్కిస్తె గేటు కాడ మళ్ళ వాండ్లే సదువుతరు. నువ్వు మూసుకో."

ఆమెది మొండితనమే. ఇప్పుడు చనిపోయిందని ఆ మాట మార్చను. బయట బండ్లు రోడ్డు దాకా నిలిచాయి, మధ్యాహ్నానికి మబ్బు పట్టింది. దలారి మనుషులకు ఇంతకన్నా ఏం కావాలి? మిషను మీ వరుసంతా మింగింది, దాన్ని పగలగొడితేనే మీ పత్తి తూకానికొస్తుంది అని బండి బండికీ చెప్పి రైతుల్ని ఎగదోశారు. వరుస సర్వరులోనే ఉంది. అది పగిలితే మళ్ళీ రాజ్యం వాళ్ళది.

మొదటి రాయికి కిటికీ అద్దం పగిలి నా ఒళ్ళో పడింది. వాచ్‌మన్‌ను నేల మీద వేసి తొక్కారు. ఆయన నోట్లోంచి పళ్ళు ఊడిపడటం నేను చూశాను. బయటి గదిలో మానిటర్లు ఒక్కొక్కటే నేలకేసి కొట్టారు. అక్క సర్వర్ గది తలుపుకు అడ్డంగా నిలబడి, తలుపు గడియ ఇనుప కడ్డీని పీకి చేతికి తీసుకుంది. మొదట చెయ్యి పెట్టినవాడి మణికట్టు విరిగిన చప్పుడు నాకు వినబడింది. రెండోవాడి భుజం. "రా, నీయవ్వ, రా," అంటూ కొడుతూనే ఉంది. అప్పుడు ఒక కంకరరాయి వచ్చి ఆమె నుదుటి మధ్యలో తగిలింది. నెత్తురు కళ్ళలోకి కారింది. ఆమె తలుపు వదల్లేదు. నేను కుర్చీ ఎత్తి ఎవరి మీద కొట్టానో నాకే తెలియదు. కొట్టాను మాత్రం, అందుకు నాకు ఇప్పటికీ సంతోషమే.

ఆ గుంపులోంచి చర్నాకోల చప్పుడు వినిపించింది. రెండో ఏరుడు పత్తితో మళ్ళీ వచ్చిన చంద్లాపూర్ అవ్వ, తన ఎడ్లను తోలే చర్నాకోలతో, దలారి మనుషుల వీపులు చీరుతోంది. "ఆ బిడ్డ మన కొరకు కొట్లాడుతుంది గదరా! సిగ్గు లేదా మీకు?" అని రైతుల మొహాన అరిచింది. అంతే, రాళ్ళ దిక్కు మారింది. నిమిషం కింద మమ్మల్ని చంపడానికి వచ్చిన చేతులే దలారి మనుషుల్ని ఈడ్చుకుపోయి గేటు బయట చితకబాదాయి. వరండాలో పడిన పత్తి ఎర్రగా తడిసింది.

అటెండరు దెబ్బల పెట్టెలోంచి స్పిరిటూ దూదీ తెచ్చి అక్క నుదుటికి పెట్టబోయాడు. ఆమె దూది లాక్కుంది. సర్వరు ముందు కూర్చుని మూడో ఫ్లాపీ తీసి, దాని ఇనుప రెక్కను పక్కకు జరిపింది. లోపలి నల్లటి బిళ్ళ మీద ఎర్రగా ఉంది.

"నీ నెత్తురు పడ్డదక్కా," అన్నాను.

ఆమె వేలితో ముట్టి చూసింది. "కాదే. కుంకుమ. రెక్క సందుల నుంచి దిగింది." ఆ నెత్తుటి మొహంతోనే నవ్వడం మొదలుపెట్టింది. "నేనే బొట్టు వెట్టి నేనే మేనమామను అలిగిపిచ్చిన."

"ముందు నీ తల తుడువనియ్యమ్మా," అన్నాడు అటెండరు.

"నాది తర్వాత. దీనికి పెట్టనియ్యి."

స్పిరిట్ దూదితో ఆ బిళ్ళను తిప్పుకుంటూ, పసిపిల్ల కంట్లో నలక తీసినట్టు తుడిచింది. ఆరబెట్టి లోపల పెట్టింది. ఈసారి సర్వరు అరుపు లేకుండా చదివింది. ప్లగిన్ ఎక్కింది. ఆమె పైట కొంగు నుదుటికి అదుముకుని వరండాలోకి వచ్చి, "తప్పు మిషన్‌ది కాదు, నాది. నా మీద కోపముంటె నన్ను కొట్టున్రి, దాని జోలికి రాకున్రి," అంది. ఎవరూ కదల్లేదు.

మొదటి చీటీ అవ్వకిచ్చింది. అవ్వ అక్షరం మీద వేలు పెట్టి, కూడబలుక్కుంటూ తన పేరు చదివింది. కింద 'ఈ రోజు' అని ఉంటే అదీ చదివింది. తర్వాత రెండూ మళ్ళీ చదివింది, ఈసారి గేటు దాకా వినబడేటట్టు. అది విన్నాకే అక్క దవాఖానకు బయల్దేరింది.

కుట్లు మానినా ఎముక దగ్గర గుంట మిగిలింది, సరిగ్గా బొట్టు పెట్టుకునే జాగాలో. సంఘం మూతబడింది, ఫ్లాపీలు పోయాయి, నేను వేరే ఆఫీసులకు మారాను. ఏ సర్వరు మొండికేసినా ఆమెకే ఫోన్ చేసేదాన్ని. పలకరింపు ఉండదు, "ఎవలు అలిగిన్రు?" అనే అడిగేది. నా బతుకంతా నడిపింది ఆ ప్రశ్నే. ఇంట్లో గొడవలకూ పనికొచ్చింది.

మంగళవారం స్నానం చేయించాక, ముత్తైదువగా పోయింది కదా, బొట్టు పెట్టమని నన్నే ముందుకు తోశారు. బొటనవేలితో కుంకుమ అద్దాను. వేలు గుంటలోకి దిగింది. పక్కనున్న ఒకామె, "సరిగ అంటలేదు, ఇంకింత పెట్టు," అంది. మళ్ళీ అద్దాను. అక్క చెయ్యి ఎత్తి నన్ను కొడుతుందేమో అని ఒక్క క్షణం చూశాను. కొట్టలేదు. గుంట నిండేదాకా పెడుతూనే ఉన్నాను.