సంపెంగకు పోసిన స్నానాలు

నిన్న సాయంత్రం కోరుట్లలో మా పెద్దబిడ్డ తన కొత్త ఇంటి చుట్టూ పెంచిన తోటంతా తిప్పి చూపించింది. రోహిణి ఎండలు ఇంకా చల్లారనే లేదు, అయినా అక్కడ చిలుకముక్కుల్లాంటి ఎర్రటి గెలలు, మనిషెత్తు ఆకులు, గోడ మీంచి జారిపడే కాగితం పూలు. ఇదంతా ట్రాపికల్ స్టైలట. అదిగో ఫ్రాంజిపానీ నాయినా అన్నప్పుడు, పేరులో పానీ ఉన్నదిగదా, చల్లగా తాగేదేదో తెస్తున్నదనుకొని పక్కనున్న కుర్చీలో కూర్చున్న. తీరా చూస్తే మన దేవగన్నేరు. ప్రతి చెట్టు మొదట్లో ఒక సన్నటి నల్ల గొట్టం బొట్టు బొట్టుగా నీళ్లు వదులుతుంటే, నా మనసు సిరిసిల్లలో మా అత్తగారి పెరట్లోకి పోయింది.

పెళ్లయిన మొదటి ఎండకాలం జగిత్యాల నుంచి కొత్తల్లుడిగా నేనక్కడికి పోయేసరికి బావిలో నీళ్లు అడుగంటినయి. పెరడు పెద్దదేం కాదు గానీ అరటి, మల్లె, మందారం, కనకాంబరం ఒకదాని మీద ఒకటి పడుతూ ఉండేవి. అత్తగారి ప్రాణమంతా గోడ పక్కనున్న సంపెంగ మీద. కొడిమ్యాలలో వాళ్లమ్మ పోయేముందు ఇచ్చిన మొక్క అది. అన్నేండ్లూ ఒక్క పువ్వు పూయనిది ఆ యేడు మొగ్గ తొడిగింది, తొడిగిన మొగ్గలేమో ఎండకు రాలుతున్నయి.

ఎండకాలం వచ్చిందంటే ఆ ఇంట్లో స్నానపు బండ చెట్టు చెట్టుకూ జరిగేది. ఈ రోజు అరటి దగ్గరైతే రేపు మందారం దగ్గర, ఒంటి మీది నీళ్లు వేర్లకు పోవాలని. ఆ యేడు మాత్రం సంపెంగ దగ్గరే పాతుకుపోయింది. అల్లుడికి మినహాయింపు ఉంటుందనుకున్న, లేదు. పైగా ఇంత మనిషి తడవాలంటే బిందెడన్నా కావాలె గదా అని నా ఒడ్డూ పొడుగూ చూసి అత్తగారు సంతోషపడ్డట్టే అనిపించింది. ఆమె నాతో సూటిగా మాట్లాడేది కాదు, తలుపు చాటు నుంచి కూతురికి చెప్పేది: "మీ ఆయనకు చెప్పు బిడ్డా, సబ్బు ముట్టద్దని. చెట్టు పాణం తీస్తది." సబ్బుకు బదులు శనగపిండి. నిలబెట్టిన నులక మంచం, దాని మీదో దుప్పటి, వెనుక పిండి పూసుకొని నేను. ఇంకొంచెం ఎండ తగిలితే బజ్జీనయ్యేవాణ్ని. చీమలు మాత్రం కొత్తల్లుణ్ని మస్తు అరుసుకున్నయి. తోడల్లుళ్లు లేని నేను అట్లా తోటల్లుణ్నయిన.

గోడ అవతల బట్టలు కుట్టే ఒక ముస్లిం పెద్దామె ఉండేది, మేమందరం ఖాలా అనేవాళ్లం, అత్తగారికి మాత్రం ఆపా, అంటే అక్క. "ఏం దామాద్ సాబ్, ఇయ్యాల గూడ చెట్టుకేనా తానం? నీకు జరంత మిగిలిందా?" అని నవ్వేది. చివరికి మా బావి బురద తప్ప ఇయ్యనన్నది. బోరింగు నుంచి మోసుకొచ్చినవి తాగడానికే సరి, స్నానాలు బందు. అన్నం దగ్గర కూడా అత్తగారి చూపు ఆ చెట్టు మీదే. అట్లాంటి ఒక మధ్యాహ్నం గోడ కింది తూములోంచి సన్నగా నీళ్లు పారివచ్చి సంపెంగ మొదట్లో ఇంకినయి. నమాజుకు ముందు కాళ్లు చేతులు కడుక్కునే చోటును ఖాలా గోడ పక్కకు మార్చుకున్నది. ఆమెవీ మోసుకొచ్చిన నీళ్లే.

"గివి వజూ నీళ్లు, సాఫ్ నీళ్లు. పొద్దుమాపు అస్తయి. నువ్వు రంది వెట్టుకోకు," అన్నది. అత్తగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నది.

మొగ్గలన్నీ రాలి ఒక్కటి నిలిచింది. మిరుగు వానలు రాకముందే ఒక పొద్దున విచ్చింది. అత్తగారు దాన్ని దేవుని గూట్లో పెట్టలేదు, కూతురి జడలో తురుమలేదు. గోడ మీద పెట్టి కేకేసింది.

"ఓ ఆపా, రా! మా అమ్మ పువ్వు చూడు!"

ఖాలా కండ్లు మూసుకొని వాసన చూసి, "నా హిస్సా ఎంతనే?" అన్నది.

"సగం నీదే ఆపా."

"మరి దామాద్ సాబ్‌ది? పాపం, పుట్టెడు పిండి రాసుకున్నడు."

అప్పుడు అత్తగారు మొదటిసారి నావైపే తిరిగి, "నువ్వు గూడ రా అయ్యా, వాసన చూడు," అన్నది. ఆ ఇంటికి నేను నిజంగా అల్లుణ్నయింది ఆ గోడ దగ్గరే.

ఇప్పుడు జగిత్యాలలో మా ఇంట్లో, మీ అందరి ఇండ్లల్లోలాగే, నున్నటి టైల్స్ బాత్రూము, తిప్పితే ఎన్నంటే అన్ని నీళ్లు, సబ్బుకు ఎవరి అడ్డూ లేదు. ఒక్కోసారి నల్లా కట్టేసి, ఒళ్లు తుడుచుకోకముందే, మూలనున్న జాలీలోకి నీళ్లు గుడగుడమని దిగిపోవడం వింటూ నిలబడుతుంట. అవి ఎటు పోతయో, ఎవరి దాహం తీరుస్తయో, ఇన్నేండ్లలో నేనొక్కనాడూ ఎవరినీ అడగలేదు.