కదలికను కోల్పోయిన చూపుతో పాఠం చెప్పిన మల్లీశ్వరి మేడం

మల్లీశ్వరి మేడం గుండెపోటుతో అస్తమించారన్న వార్త ఇప్పుడు నేను పాఠాలు చెబుతున్న కోదాడ కళాశాలలో, నా తరగతి గుమ్మం దగ్గర విన్నాను. లోపలికి వెళ్లి, ఆనాటి పాఠం పక్కనబెట్టి పిల్లలకు ఆమె గురించే చెప్పాను. సూర్యాపేటలోని ఒక జూనియర్ కళాశాలలో నాకు జంతుశాస్త్రం బోధించిన గురువు ఆమె. తర్వాత అక్కడే కొన్నేళ్లు నా సహోద్యోగి.

పాలకీడు వైపు గొర్రెలు కాసే ఇంట పుట్టారు. నడివయసులో మెదడులో రక్తం గడ్డకట్టింది. ప్రాణం దక్కింది గానీ చూపులో ఒక విచిత్ర వైకల్యం మిగిలింది. వస్తువు, రంగు, మనిషి ముఖం అన్నీ కనిపించేవి. చలనం మాత్రం కనిపించేది కాదు. తమ్ముడి మందను చూస్తూ ఒకనాడు నాతో అన్నారు: "గొర్రెలు గీడున్నయ్. మల్ల సూస్తే గాడున్నయ్. నడుమ నడక లేదు."

మిర్యాలగూడ కంటి దవాఖానలో నేత్రదోషమేమీ లేదన్నారు. దాంతో చుట్టాలు నటన అన్నారు. ఆమె తగ్గలేదు. "కండ్లు మంచిగుంటే సూపు మంచిగున్నట్టేనా? ఇంకో డాక్టర్ను అడుగుదాం పా" అని నన్ను వెంటబెట్టుకొని హైదరాబాదు వెళ్లారు. కదలికను గ్రహించే మెదడు భాగం దెబ్బతిన్నదని నరాల వైద్యుడు తేల్చాడు. బయటికి వచ్చాక ఆమె కన్నీరు పెట్టలేదు. "ఇగ పిల్లలకు చెప్పనీకి కొత్త పాఠం దొరికింది" అన్నారు.

ప్రిన్సిపాల్ మెత్తగానే చెప్పాడు: "మేడం, పిల్లలు పరేషాన్ అయితరు. ఇంటికాడ రెస్ట్ తీస్కోండ్రి."

"పిల్లలు నాకు కనిపిస్తున్నరు సార్. వాళ్లు ఉరికేది కనిపించకపోతే పాఠం ఎందుకు ఆగాలె? అనుమానముంటే మీరే వచ్చి ఎనక బెంచీల కూసోండ్రి."

ఆయన వచ్చి కూర్చున్నాడు. మేడం ఒక విద్యార్థినిని కిటికీ నుంచి తలుపు దాకా నడవమన్నారు. "మీకు ఈమె నడిసింది. నాకు కిటికీ కాడ ఒకసారి, తలుపు కాడ ఒకసారి నిలబడ్డది. కన్ను వెలుతురును పట్టుకుంటది. ఇది మనిషి, ఇది నడక అని పోల్చుకునేది మెదడు. ఆ రెండు పనులకు మెదడుల వేరువేరు జాగలున్నయ్. ఒకటి ఖతమైనా ఇంకోటి పనిచేస్తదనేందుకు నేనే సాక్ష్యం."

సెలవు మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. రోడ్డు దాటడమే ఆమెకు గండం. దూరంగా కనిపించిన బస్సు మరుక్షణం మీదికి వచ్చి ఉండేది. చప్పుడు విని దూరం అంచనా కట్టడం నేర్చుకున్నారు. భయం కాదా అని అడిగితే, "ఉంటది. ఉండనీ. కాలేజీకైతే పోవాలె గదా" అన్నారు.

సంతాపసభలో ఒక పెద్దమనిషి "పాపం, సూపు చెడి నరకం సూసింది" అన్నాడు. నేను లేచి కాదన్నాను. ఈ రాతలోనూ కాదంటున్నాను. ఆమె ఎవరి జాలికీ పాత్రురాలు కాదు. జంతుశాస్త్రం చెప్పడానికి మరొకరు వస్తారు. తన మెదడుకు తగిలిన గాయాన్నే విప్పి బోధించే ఆచార్యురాలు మాకిక దొరకదు. ఈ మృత్యువుకు నేను తల వంచను. ఆమె పాదాలకే వంచుతున్నాను.